లడఖ్ చూసొచ్చిన హెల్మెట్

ప్రతి కంపెనీ ఏటా ఒక ఉద్యోగికి బైకూ కెమెరా ఇచ్చి లడఖ్ పంపాలి! ఇది నేను బాగా ఆలోచించి చెబుతున్న మాట. నవ్వకండి. లాంగ్ రైడ్ ఫొటోల వల్ల మానవాళికి జరిగే మేలు ఇంతా అంతా కాదు.

హైటెక్ సిటీలో మా ఆఫీసులో నా పక్క సీటు నితీష్‌ది. లడఖ్ వెళ్లకముందు మామూలు మనిషే. క్యాంటీన్ ఉప్మా బాగాలేకపోతే గొడవకు దిగేవాడు. ఇప్పుడు "ఉప్మాది ఏమున్నదన్నా, మనసు చల్లగుండాలె" అంటున్నాడు. కంపెనీ పెట్టే ట్రైనింగుల్లో ఇంత జ్ఞానం ఎవరికైనా వచ్చిందా?

ఇక ఫొటోలు. బైక్ ముందు నితీష్. బైక్ వెనక నితీష్. బైక్‌కు ఆనుకుని ఎటో చూస్తున్న నితీష్. హిమాలయాలు ఎక్కడని అడక్కండి! పాపం, వాటికి చోటు సరిపోలేదు.

బయల్దేరే ముందు వాడు మా ఇంటికొచ్చాడు. "అన్నా, జర వదిన హెల్మెట్ ఇస్తవా? నా దాని అద్దం పగిలింది. రాంగనే ఇచ్చేస్త."

ఇచ్చాను. లంబసింగి మంచు చూపిస్తానని పెళ్లైన కొత్తలో మా ఆవిడ స్టెల్లాకు మాటిచ్చాను. ఆ ప్రయాణం కోసమే ఆమె ముచ్చటపడి కొనుక్కున్న హెల్మెట్ అది. నితీష్ రాగానే, మా పెళ్లిరోజుకు మేం బయల్దేరాలి.

వాడు రాలేదు. "అన్నా, లైటింగ్ కుదర్లే. ఇంకో వారం ఉంటున్న" అని మెసేజ్ వచ్చింది. మా మేనేజర్ సంయుక్త గారు వాడి పని నాకిచ్చి, నా లీవ్ రద్దు చేశారు. ఎంత మేలు జరిగిందో చూడండి! కుర్చీలోంచి లేవకుండానే వాడి కోడంతా నేర్చుకున్నాను. ప్రయాణం చెయ్యనివాణ్ణి కూడా ప్రయాణం మారుస్తుందన్నమాట!

ఆ వారమంతా ఫొటోలు వస్తూనే ఉన్నాయి. మంచు మీద మా హెల్మెట్. సరస్సు ఒడ్డున మా హెల్మెట్. సూర్యాస్తమయం చూస్తున్న మా హెల్మెట్.

"పోన్లెండి, నా హెల్మెట్టైనా మంచు చూసింది" అంది స్టెల్లా. గర్వంతోనే అని ఉంటుంది. నాకే ఎందుకో తల ఎత్తబుద్ధి కాలేదు.

పెళ్లిరోజు సాయంత్రం ఆమెను వెనక కూర్చోబెట్టుకుని కొత్తగూడ నుంచి కోకాపేట దాకా లాంగ్ రైడ్ చేశాను. ట్రాఫిక్ పుణ్యమా అని లంబసింగి వెళ్లినంత సేపూ పట్టింది. సిగ్నల్ దగ్గర ముందున్న లారీ గుప్పున పొగ వదిలితే "ఇదిగో నీ మంచు" అన్నాను. స్టెల్లా పడీపడీ నవ్వింది.

సరిగ్గా ఆ నవ్వునే ఎవరో ఫొటో తీశారు! మర్నాడు నా ఫోన్‌కు వచ్చింది. ట్రాఫిక్ పోలీసుల చలానా. వెనక కూర్చున్నవారికి హెల్మెట్ లేదట.

"మనిద్దరం బండి మీదున్న ఫొటో ఇదొక్కటేనండీ" అంది స్టెల్లా. చలానా కట్టేసి, ఫొటోకు ఫ్రేమ్ వేయించి హాల్లో తగిలించాను.

మొన్న ఆదివారం నితీష్ వచ్చాడు, చంకలో మా హెల్మెట్‌తో. దాని నిండా స్టిక్కర్లు. నెత్తిన కెమెరా తగిలించడానికి అతికించిన కొమ్ములాంటి స్టాండొకటి. అది ఇక ఊడి రాదట. గోడ మీది ఫొటోను కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"యాంగిల్ మంచిగున్నదన్నా. గని వదిన నెత్తికి హెల్మెట్ ఏది? గింత లైట్ తీస్కుంటే ఎట్ల?"

ప్రయాణం మనిషిని మారుస్తుందంటే మీరు నమ్మరు గానీ, లడఖ్ వెళ్లకముందు వాడికి ఇంత బాధ్యత ఉండేది కాదు.