కెప్టెన్ తలుపు తీసేదాకా

సెలూన్ ఓనరుకు తన బావమరిది మీద ఉన్న కోపం ఈనాటిది కాదు. స్పీకర్లు బాగుచేసి అమ్మే ఆ మనిషిని వీధిలో అందరూ డబ్బా అంటారు. ఎవరింటికి వెళ్లినా అక్కడ నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువును విప్పి చూడందే అతనికి తోచదు. అక్కగారి ఇస్త్రీపెట్టె అలాగే పోయింది. సెలూన్లో గోడ గడియారమూ అలాగే పోయింది. గడియారం పోయిన దగ్గర్నుంచి ఓనరు టైము చూడటం మానేసి, కథ వినడం మొదలుపెట్టాడు.

అతని చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. పుస్తకం పట్టుకుంటే పేజీకి పావుగంట పడుతుంది. అందుకని ఫోన్‌లో వినేవాడు. రాకెట్లు, గ్రహాలు, మరమనుషులు ఉండే పాత కథలంటే ప్రాణం. వాటిని చదివేది ఒక ముసలాయన. కరెంటు బిల్లు చదివినట్టు చదువుతాడు. గ్రహం పేలిపోయినా, సగంమంది చచ్చిపోయినా గొంతులో వీసమెత్తు తేడా ఉండదు. ఓనరుకు నచ్చింది అదే. భయపడాల్సింది వినేవాడు, చదివేవాడే భయపడిపోతే ఇక మనకు మిగిలేదేమిటని అతని వాదన. పైగా ముసలాయన అధ్యాయం ఏదైనా సరిగ్గా అరగంట. తలకు రంగు పట్టడానికీ అరగంటే. అధ్యాయం మొదలవగానే పూయడం, అయిపోగానే కడగడం. అతనికి అన్నిటికన్నా ఇష్టమైన కథలో తొమ్మిదో అధ్యాయమైతే, పాడుబడ్డ అంతరిక్ష ఓడ తలుపును కెప్టెన్ తీయగానే కడగాలి. ఎనిమిదేళ్లలో ఒక్క తల తేడా రాలేదు.

ఆ ఉదయం పదింటికి, సెలూన్ నడుస్తున్న గది యజమాని రంగు వేయించుకోవడానికి వస్తున్నాడు. కాలనీ సంఘం ఎన్నికల్లో అధ్యక్షుడిగా నిలబడ్డాడు, పన్నెండింటికి పోస్టరు కోసం ఫొటో దిగాలి. సెలూన్ లీజు నెలాఖరుతో అయిపోతుంది. మందుల షాపువాళ్లు ఆ గది కోసం తిరుగుతున్నారని ఓనరు చెవిన పడి వారమైంది, అప్పట్నుంచి సరిగ్గా నిద్రలేదు. తలకు రంగు పూసుకున్న మనిషి లేచి పారిపోలేడు కదా, ఆ అరగంటలో మూడేళ్ల లీజు అడిగేయాలని అతని పథకం. తెర అవతల ఆడవాళ్ల వైపు పనిచేసే భార్యకు నోరు విప్పొద్దని ముందే చెప్పాడు. యజమాని రాగానే, ఇంకెవరూ లోపలికి రాకుండా అద్దాల తలుపుకు గడియ కూడా పెట్టాడు.

యజమాని తలకూ మీసానికీ రంగు పూసి, ఫోన్‌ను స్పీకరుకు కలిపి తొమ్మిదో అధ్యాయం పెట్టాడు.

ముందు వయొలిన్లు వినిపించాయి. తర్వాత గాలి. ఆ తర్వాత ఎవరో ఊపిరి పీల్చి వదిలి, మళ్లీ పీల్చి, "చీకటి" అన్నాడు. అని ఊరుకున్నాడు.

ఓనరు బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తెర అవతలి నుంచి భార్య చల్లగా చెప్పింది, పొద్దున్నే తమ్ముడొచ్చి కొత్త రికార్డింగు ఎక్కించి వెళ్లాడని, ఇందులో చదివేది రంగస్థల నటుడని, ముసలాయన చదివితే అంగారక గ్రహం కూడా బస్‌స్టాండులా ఉంటుందన్నాడని.

"అడగకుండా ఎందుకు మార్చాడు?"

"అడిగితే మీరు ఒప్పుకుంటారా? మెల్లగా మాట్లాడండి, సారున్నారు."

కట్టేద్దామని ఓనరు ఫోన్ దగ్గరికి వెళ్లబోతే యజమాని ఒక వేలు పైకెత్తాడు. ఏదైనా ఉంటే చెప్పు అంటున్నాడనుకుని, ఓనరు ఫోన్ సంగతి వదిలేసి గొంతు సవరించుకున్నాడు. మూడేళ్లకు లీజు రాసిస్తే బాగుంటుందని విన్నవించుకున్నాడు.

యజమాని మళ్లీ ఒక వేలు చూపించాడు.

మూడేళ్లు కాదు, ఒక్క ఏడాదే అనుకున్నాడు ఓనరు. స్పీకర్లో నటుడు ఇనప నేల మీద బూట్ల చప్పుడు చేస్తున్నాడు. పోనీ రెండేళ్లన్నా ఇప్పించమన్నాడు ఓనరు. అదే వేలు, ఈసారి కాస్త విసురుగా. అద్దె పెంచుకోమన్నాడు. వేలు దిగలేదు. మెట్ల కింది గోడౌను కూడా ఖాళీ చేసి ఇచ్చేస్తానన్నాడు. వేలు దిగలేదు. బేరం తనతో తనే ఆడుకుంటూ అతను ఆరు నెలల దాకా దిగజారాడు. తెర అవతల భార్య తువ్వాలు ఒకటి విసిరికొట్టిన చప్పుడైంది.

ఈలోగా కథ ముందుకు కదలడం లేదు. ముసలాయనైతే ఈపాటికి నడవా దాటించి తలుపు దగ్గర నిలబెట్టేవాడు. ఈయన గోడ తడిమితే ఒక నిమిషం, ఆలోచిస్తే రెండు నిమిషాలు. కెప్టెన్ ఒకసారి దగ్గాడు. యజమానే దగ్గాడనుకుని ఓనరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. యజమాని అటు చూడకుండానే గ్లాసు తీసుకుని చేతిలో పట్టుకు కూర్చున్నాడు. రంగు చెవుల మీదికి కారుతోంది, నుదుటి మీద నల్లటి గీత కనుబొమల వైపు నడుస్తోంది.

"ఏమండీ, ఇంక కడగరా?" అంది భార్య.

"ఎలా కడుగుతాను? వాడింకా తలుపు తీయలేదు."

ఎనిమిదేళ్ల అలవాటు. చేతులు పంపు వైపు వెళ్తున్నాయి, చెవులు తలుపు దగ్గర ఆగిపోతున్నాయి. ఓనరు కుర్చీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కత్తెర తీశాడు, మళ్లీ పెట్టాడు. దువ్వెనలు లెక్కపెట్టాడు. నటుడి గొంతు గుసగుసలోకి దిగితే, త్వరగా తెమిలిపోతుందేమోనన్న ఆశతో వాల్యూమ్ పూర్తిగా పెంచాడు. అదే ఘోరమైన తప్పు. గుసగుస అయిపోయి, ఓడలో చిక్కుకున్నవాళ్లు ఇనప తలుపును లోపలినుంచి దబదబా బాదుతూ కేకలు పెట్టే ఘట్టం వచ్చింది.

"గాలి అయిపోతోంది. తలుపు తీయండి. ఎవరైనా తలుపు తీయండి."

ముసలాయన ఈ మాటలు కూరగాయల పట్టీలా చదివేసేవాడు. ఈ నటుడు మాత్రం నిజంగానే ప్రాణం పోతున్నట్టు అరిచాడు, దగ్గాడు, గోళ్లతో గీరాడు. పక్కనే చెప్పుల షాపు. ఆ షాపాయన బయటికొచ్చి చూస్తే సెలూన్ తలుపుకు లోపల గడియ. అద్దంలోంచి కనిపిస్తున్నది, మొహం సగం నల్లబడి కుర్చీలో కదలకుండా కూర్చున్న పెద్దమనిషి, అతని చుట్టూ చేతులు నలుపుకుంటూ తిరుగుతున్న ఓనరు. చెప్పులాయన రెండోసారి ఆలోచించలేదు. షట్టరు లాగే ఇనప కొక్కెం తీసుకుని అద్దం మీద ఒక్కటిచ్చాడు.

అద్దం జలజలా రాలింది. ఆ ఊపులోనే లోపలికి దూకిన ఆయన కాలికి వైరు చుట్టుకుంది, స్పీకరు కిందపడి నోరు మూసుకుంది.

"నేను వచ్చేశాను, భయపడకండి," అన్నాడు చెప్పులాయన రొప్పుతూ. చుట్టూ చూశాడు. "గాలి ఎవరికి అందట్లేదు?"

ఓనరు పగిలిన తలుపు కేసి, యజమాని నుదురు కేసి, మార్చి మార్చి చూశాడు. తన లీజు ఈ రెంటిలో దేనితో పోయిందో తేల్చుకోలేకపోయాడు. భార్య తెర తోసుకుని వచ్చి, యజమానిని చెయ్యి పట్టుకుని పంపు దగ్గర కూర్చోబెట్టి తల కడిగింది. జుట్టు నల్లబడింది, బాగానే ఉంది. దాంతోపాటు మాడు, నుదురు, రెండు చెవులు, పైపెదవి కూడా నల్లబడ్డాయి. ఎంత రుద్దినా పోలేదు. చెప్పులాయన మాత్రం, ప్రాణాలు కాపాడదామని వచ్చినవాడిని కాబట్టి అద్దంతో తనకు సంబంధం లేదని గుమ్మంలో నిలబడి అందరికీ చెబుతున్నాడు.

యజమాని అద్దంలో తన మొహం చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"తీశాడా లేదా?" అన్నాడు యజమాని.

"ఏంటి సార్?"

"తలుపోయ్. ఆ కెప్టెన్ తలుపు తీశాడా లేదా?"

"తీశాడు సార్. లోపల ఎవరూ లేరు. ఆ కేకలు ఎప్పుడో వందేళ్ల కిందటి రికార్డింగు."

యజమాని మొహంలో నలుపు అంటని చోటల్లా ఎర్రబడింది. "నువ్వు చెబితే ఇందులో ఏముందయ్యా? పెట్టు. అతనే చెప్పాలి."

లీజు సంగతి ఏమిటన్నట్టు ఓనరు నీళ్లు నమిలాడు. లీజేమిటి, ఎప్పుడు అడిగావన్నాడు యజమాని. కథ మధ్యలో నువ్వేదో గొణుగుతుంటే ఆగమని వేలు చూపిస్తూనే ఉన్నాను, ఒక్కముక్కా వినలేదన్నాడు. ఓనరు నోరు తెరిచేలోగా భార్య అందుకుంది.

"మూడేళ్లు సార్. అద్దె ఇప్పుడున్నదే. గోడౌనుతో సహా."

"సరేనమ్మా. రాయించుకుని రండి, సంతకం పెడతాను. మందుల షాపులో కథలు చెప్పరు కదా. కానీ ఒక షరతు. రోజూ పదింటికి వస్తాను, నాకో కుర్చీ ఉండాలి. చదివేది ఆయనే ఉండాలి. ఆ ముసలాయన్ని తెచ్చి పెట్టావో, మర్నాడే ఖాళీ చేయిస్తాను."

ఫొటో మాటేమిటని చెప్పులాయన గుర్తుచేస్తే, పోస్టరు మీద పాతది వేసుకుంటాలే అన్నాడు యజమాని. అప్పటికే డబ్బాకు కబురు వెళ్లింది. అతను నవ్వుకుంటూ వచ్చి స్పీకరు విప్పి, మళ్లీ బిగించి, "చూశావా బావా, చదివేవాడిలో ఉంటుంది అంతా," అన్నాడు. చేతిలో కత్తెర ఉండగా మాట్లాడటం మంచిది కాదనుకున్నాడు ఓనరు.

మర్నాటి నుంచి యజమాని కుర్చీ కిటికీ పక్కన పడింది, కథ ఉన్నా లేకపోయినా దాన్ని జరపడానికి వీల్లేదు. మూడేళ్ల పాటు తను అద్దె కట్టబోయే గదిలో తనది కాకుండా పోయిన జాగాను ఓనరు ఆ సాయంత్రమే టేపు పెట్టి కొలిచాడు: మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మొత్తం ఏడున్నర చదరపు అడుగులు.