లెవెల్ తగ్గిన మేస్త్రి

ఏటి నీళ్లు కిటికీల దాకా వచ్చి పోయిన పెద్ద వరద ఉంది చూశారూ, దాని తరవాతి ఏడు జరిగింది ఇది. ఊళ్లో సగం గోడలు కూలాయి గనక తాపీ పట్టిన ప్రతివాడికీ చేతినిండా పని. అందులో మన మేస్త్రికి ఇంకాస్త ఎక్కువ. యాభై దాటినవాడు, మాట తక్కువ, గోడ నిక్కచ్చి. ఆయన కట్టిన గోడకి ఇంకొకరు మట్టం పెట్టి చూడడమన్నది లేదు.

ఆ మధ్య మనిషి మారాడు. టీ చల్లారిందని గ్లాసు విసిరికొట్టాడు. విరిగిన ఇటుకను పట్టుకుని తిట్టాడు. వీధిలో కుక్క కుంటుతూ వెళితే తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఒకనాడు భోజనం దగ్గర, తననెవరూ పట్టించుకోవడం లేదని వాపోయాడు, అదీ రెండోసారి వడ్డిస్తున్న భార్యతోనే. ఇక లాభం లేదని ఆమె, పనిలో ఆయన పక్కనే ఉండే తన తమ్ముడికి కూడా చెప్పకుండా, మొగుణ్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి పరీక్షకి రక్తం ఇప్పించింది.

ఆ పొద్దున అనుకున్నది చిన్న ఏర్పాటే. భార్య వెళ్లి రక్తం సంగతి కనుక్కు రావాలి. మేస్త్రి కొత్త ఇంటి గోడల మీద చివరి వరస ముగించాలి. మర్నాడు ఆ గోడలన్నిటినీ చుట్టి కాంక్రీటు బెల్టు పోయాలి. ఆ ఇంటాయన అన్నదమ్ముల ఇళ్లు కూడా వరదలో పోయాయి. బెల్టు సరిగ్గా కూర్చుంటే ఆ ఇళ్లూ నీవేనని మేస్త్రికి మాటిచ్చాడు.

మేస్త్రి సిమెంటు చేతులతో ఫోను ముట్టడు. అది ఎప్పుడూ కింద ఇసుకా సిమెంటూ మాలు కలిపే బావమరిది జేబులోనే ఉంటుంది. డాక్టరు ఆమెకు విడమరిచే చెప్పాడు. మగవాళ్ల ఒంట్లో ఉండే హార్మోను ఈయనకి బాగా తగ్గింది, కోపమూ ఏడుపూ అందుకే, భయం లేదు అని. ఆమెకు అంతా అర్థమైంది. ఫోను ఎత్తిన తమ్ముడికి ఆ ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"ఒరేయ్, మీ బావది లెవెల్ తగ్గిందటరా."

"ఎవరన్నారక్కా?"

"చదువుకున్నాయనే చూసి చెప్పాడు. సగానికి సగం పడిపోయిందట. బావతో అనకు, మనసు విరిగిపోతుంది. జాగ్రత్తగా చూసుకో."

తమ్ముడికి తెలిసిన లెవెల్ ఒకటే. గోడల్ని చూసే చదువుకున్నాయన కూడా ఒకడే, ప్లాను గీసిన ఇంజనీరు. తలెత్తి చూశాడు. గోడ ఉన్నచోటే ఉన్నట్టుంది. అయితే పైన కాదు, కింద దిగిపోతోందన్నమాట, వరద తాగిన నేల కదా అనుకున్నాడు. మేస్త్రి ఇసుక బండి కోసం వీధి చివరికి వెళ్లగానే పునాది చుట్టూ వంగి వంగి చూడడం మొదలుపెట్టాడు. ఇంటాయన వచ్చి ఏమిటని అడిగితే నోరు ఆపుకోగలిగినంతసేపు ఆపుకున్నాడు. అది ఎంతోసేపు కాదు.

ఇంటాయన అతని చేతిలో ఫోను లాక్కుని ఆమెకు తనే చేశాడు.

"తగ్గిందట, నిజమేనా అమ్మా?"

అనొద్దన్న మాట అప్పుడే ఇంటాయన దాకా పోయిందని ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. "నిజమే సారూ. కానీ రాత్రిళ్లు బాగా నిద్రపోతే కొంత దానంతటదే పెరుగుతుందన్నారు."

ఇంటాయన ఒకసారి గోడను చూశాడు, ఒకసారి ఫోనును చూశాడు. "ఎవరు నిద్రపోవాలి?"

"ఆయనే. మీరు కాస్త తొందరపెట్టకండి."

కట్టినవాడు నిద్రపోతే గోడ పెరగడం ఇంటాయన ఎన్నడూ వినలేదు. పని ఆపించాడు. పక్క వీధి మేస్త్రికి కబురు పెట్టాడు. తేడా ఉంటే రేపటి బెల్టు అతనే పోస్తాడని, మిగతా ఇళ్లు కూడా అతనివేనని తేల్చేశాడు. ఆ మేస్త్రి, కబురు మోసినవాడి కంటే ముందు, ఎత్తులు చూసే నీళ్ల గొట్టం భుజాన వేసుకుని దిగాడు.

మన మేస్త్రి తిరిగొచ్చేసరికి తన గోడకి ఆ చివర బావమరిది, ఈ చివర పరాయి మేస్త్రి గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇదివరకటి మనిషైతే చూసుకోండని పక్కకి జరిగేవాడే.

"నా గోడకి మట్టం పెడతార్రా," అన్నాడు. ఇంకా తిట్టడానికి నోరు తెరిచాడు గానీ మాట బదులు ఏడుపొచ్చింది. ఇటుకల దొంతర మీద కూలబడి, ఊరు వినేలా ఏడ్చాడు. బావని అలా ఎప్పుడూ చూడని బావమరిది గొట్టం వదిలేశాడు. అందులో నీళ్లన్నీ కింద నిలబడి చూస్తున్న ఇంటాయన నెత్తిన పడ్డాయి.

ఫోను పెట్టేసినప్పటి నుంచీ మనసు కీడు శంకిస్తుంటే పరుగున వచ్చిన భార్య, గొట్టాన్నీ మొగుణ్నీ చూడగానే జరిగింది పోల్చుకుంది. చెబితే మొగుడి పరువు, చెప్పకపోతే మొగుడి పని. కొంగు బిగించింది.

"గోడది కాదురా వెధవా, మీ బావ ఒంట్లో లెవెల్. ఈ వయసులో మగాళ్లకి తగ్గుతుందట. ఆ కోపం, ఆ ఏడుపు దానివల్లే. గోడకేం రోగం లేదు."

పక్క వీధి మేస్త్రి గొంతు సవరించుకుని, గొట్టం పడిపోకముందే చూశానని, గోడ వెంట్రుకవాసి కూడా తేడా లేదని ఒప్పుకున్నాడు. మేస్త్రి తల దించుకుని నవ్వుల కోసం ఎదురుచూశాడు. నవ్వులు రాలేదు. తడిసిన ఇంటాయన వచ్చి ఆయన పక్కనే ఇటుకల మీద కూర్చున్నాడు.

"ఊరికే ఉక్రోషం రావడం కూడా అదేనా అమ్మా?"

"అదేనట సారూ."

"మొన్న మా కోడలు చెప్పులు అడ్డంగా విడిచిందని రెండు పూటలు తిండి మానేశాను," అని మేస్త్రి చెవి దగ్గర చెప్పుకున్నాడు. "ఆ డాక్టరు ఉండేదెక్కడ?"

గొట్టం చుట్టుకుంటున్న పక్క వీధి మేస్త్రి ఆ జవాబు వినబడేంత దగ్గరికి జరిగాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి బెల్టు పోయించాడు. మొదటి తట్ట కాంక్రీటు పడగానే, చూద్దామని పరంజా ఎక్కిన ఇంటాయన బావురుమన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేస్త్రి ఆయన జబ్బ పట్టుకుని మెల్లగా వెనక్కి నడిపించాడు.

"కాస్త ఇవతలగా ఏడవండి సారూ," అన్నాడు. "మాలులో నీళ్లు ఎక్కువవుతాయి."