మొరాయించే బండి కావాలి

నేను ఉతికిన బట్టలు మడతపెడుతుండగా, అన్నయ్య హెడ్‌ఫోన్ తీసి, తమ సంఘం చారిత్రక విజయం సాధించినట్టు ప్రకటించాడు. ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ కారు పందేలాడే తొమ్మిది వేలమంది సంఘానికి అన్నయ్యే కార్యదర్శి. ఆట తర్వాతి అప్‌డేట్‌లో ఏం కావాలో వారం వారం ఓటింగు పెట్టి, నెగ్గిన కోరికను ఆట తయారుచేసే కంపెనీకి అర్జీగా పంపడం వారి పద్ధతి.

సభ్యుల పోరాటపటిమ సామాన్యమైనది కాదు. నున్నటి రోడ్లు సహజంగా లేవని మొదట గుంతలు కోరారు. కంపెనీ తవ్వించింది. గుంతల్లో నీళ్ళేవని నిలదీశారు. నీళ్ళొచ్చాయి. బురద రంగు కుదరలేదని మూడు రోజులు ఆటను బహిష్కరించారు. మా వీధి మలుపులో గుంత పూడ్చమని నాన్న రాసిన అర్జీ మీద మాత్రం ఇప్పటికీ నాన్న సంతకమొక్కటే ఉంది. ఆ గుంతను ఫొటో తీసి, బురద రంగుకు నమూనాగా పంపింది అన్నయ్యే.

ఈసారి సాధించింది మొరాయించే పాత వ్యాను. దాని దగ్గు కోసం అన్నయ్య నాన్న వ్యాను ముందు నిలబడి ఇంజను చప్పుడు రికార్డు చేసి పంపాడు. నాన్న పిల్లల్ని బడికి చేరవేస్తారు. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే వేరే వ్యాను చూసుకుంటామని బడివాళ్ళు చెప్పేశారు.

అప్‌డేట్ వచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న వ్యాను కూడా మొరాయించింది.

"ఒరేయ్, వచ్చి ఒక్క తోపు తొయ్యరా! పిల్లలు రోడ్డు మీద నిలబడుంటారు," వ్యాను కిటికీలోంచి కేకేశారు నాన్న.

"తోస్తున్నాను నాన్నా! ఇప్పుడు వదిలేస్తే వెనక్కి జారిపోతుంది," అన్నాడు అన్నయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆటలో వ్యాను గట్టెక్కింది. బయట అమ్మా నేనూ తోసి కదిలించేసరికి బడిగంట కొట్టేశారు. ఇరుగుపొరుగువారు మేడల మీంచి శ్రద్ధగా తిలకించారు. పొగ ఇంకాస్త నల్లగా ఉండాల్సిందని ఒకాయన అభిప్రాయపడ్డారు.

బడివాళ్ళు మాట తప్పలేదు. ఆ వారమే వేరే వ్యాను పెట్టుకున్నారు.

సంఘం కూడా ఊరుకోలేదు. వ్యాను భేషుగ్గా ఉంది గానీ డ్రైవరులో జీవం లేదనీ, పని పోయినవాడు ఎలా నడుస్తాడో అలా నడవాలనీ తీర్మానించింది. అన్నయ్య ఫోను నిలబెట్టాడు.

"నాన్నా, గుమ్మం దాకా ఒక్కసారి నడవండి. భుజాలు కాస్త వంచి... అందరూ లైవులో చూస్తున్నారు."

"సిగ్గు లేదురా నీకు?" అంది అమ్మ.

"అబ్బా, నీ గొంతు పడుతోందమ్మా!"

నాన్న లేచారు. వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి నడిచారు. వంచమన్నందుకు కాదు, భుజాలు వాటంతటవే వంగాయి. తెర మీద చప్పట్ల బొమ్మలు వెల్లువెత్తాయి. అందులో ఒకటి నాది. మీరు ఉండుంటే మీదీ ఉండేది. అద్భుతం, ఇంకొక్కసారి అని సభ్యులు కోరారు.

నాన్న గుమ్మం దగ్గర ఆగలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.