ఖాజా హుస్సేన్ పోయినాడు

ఆ పొద్దున ఖాజా హుస్సేన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాయదుర్గం వెళ్ళాలి, జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో ఒక వీడియో తీయాలి, సాయంత్రంలోగా ఆఫీసుకు పంపాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. మొదటి మూడూ ఆయన చేతిలో ఉన్నవే. నాలుగోది మాత్రం హైదరాబాదులో దేవేంద్ర అనే పెద్దమనిషి చేతిలో ఉంది.

ఖాజా హుస్సేన్ విడపనకల్లు మండలానికి 'తొలికూత' పత్రిక విలేకరి. వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అనంతపురం బస్సు కండక్టరుకు ఇచ్చి పంపిన కాలం నాటి మనిషి. కవర్లు పోయి ఫ్యాక్సు వచ్చింది, నేర్చుకున్నాడు. ఫ్యాక్సు పోయి కంప్యూటరు వచ్చింది, తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. తర్వాత వాట్సాప్ వచ్చింది. అది చేతికి అలవాటయ్యేలోపే పత్రికవాళ్ళు జిల్లా పేజీలు ఎత్తేశారు. ఇకమీదట వార్త రాయనక్కర్లేదట, వీడియోలో నిలబడి చెప్పాలట.

ఇక్కడ మాత్రం ఆయన చతికిలబడ్డాడు. ఎండిపోయిన వేరుశనగ చేల గురించి, అందని పంటబీమా గురించి ఎవరికీ బెదరకుండా రాసిన మనిషి, కెమెరా ముందు నిలబడితే రేషన్ కార్డుకు ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుపోతాడు. నోరు తెరిస్తే ఇంకో తంటా. డిజిటల్ డెస్కులో ఉండే అభిలాష్ అనే గోదావరి జిల్లా కుర్రాడు, "సార్, మీ యాస ఎవరికీ అర్థం కాదండీ. మామూలు తెలుగులో చెప్పండి" అంటాడు. ఖాజా హుస్సేన్ ఆ మామూలు తెలుగు కోసం వెతుక్కుంటూ నిలబడిపోతాడు, వీడియో అయిపోతుంది.

ముందురోజు సాయంత్రం డిజిటల్ అధిపతి దేవేంద్ర ఫోన్లో తేల్చేశాడు. "రేపు సాయంత్రంలోగా జనం చూసే వీడియో ఒక్కటైనా రాకపోతే మీ మండలం వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం" అన్నాడు. ఖాజా హుస్సేన్‌కు ఇంకో పని రాదు. రాదనుకోవడం కంటే, ఇంకో పని చేస్తున్న తనను ఊహించుకోవడమే ఆయనకు చేతకాలేదు.

సొంత ఫోను కెమెరాలో మనిషికీ మేకకీ తేడా తెలియదు. అందుకని అల్లుడు సర్ఫరాజ్‌ను అడిగి మంచి ఫోను తెచ్చుకున్నాడు. అల్లుడు మర్యాదస్తుడే కానీ తెలివైనవాడు, తన సిమ్ము తీసుకుని ఉత్త ఫోను చేతిలో పెట్టాడు. ఖాజా హుస్సేన్ పాత సిమ్ము అందులో పట్టలేదు. దాంతో సొంత ఫోనును ఇంట్లోనే ఛార్జింగుకు పెట్టి, తెల్లవారుతుండగానే మోటారు సైకిలు తీశాడు.

"ఎవరన్నా ఫోను చేస్తే మాట్లాడు మేరాజూ" అన్నాడు భార్యతో. "ఈ పొద్దు వీడియో హిట్టయిందంటే, దండలు ఎత్తుకోని మనింటికే వస్తారు చూడు."

"వస్తే రానీలే. టీ కాంచిస్తా. నువ్వు నిదానంగా పో" అంది మేరాజ్ బీ.

ఆయన బండి ఊరు దాటి బాగా దూరం వెళ్ళాక ఫోను మోగింది. అవతల అభిలాష్. సాయంత్రం గడువు మరొక్కసారి గుర్తుచేయమని దేవేంద్ర అతనికి పురమాయించాడు. మెత్తని మనసున్న కుర్రాడు కాబట్టి బిక్కుబిక్కుమంటూనే చేశాడు.

"నమస్కారమండీ, ఖాజా గారు ఉన్నారాండీ?"

"ఆయన పోయినాడప్పా" అంది మేరాజ్ బీ, రొట్టె తిప్పుతూ.

అభిలాష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వాళ్ళ గోదావరి వైపు మనుషులు ఊరికి వెళతారు. పోవడమంటే ఒక్కటే పోవడం.

"అయ్యో! ఎప్పుడండీ?"

"తెల్లార్తానే."

"ఎలా అండీ?"

"ఎట్లేముందప్పా, బండిమీదనే పోయినాడు."

"బండి మీదా! దేవుడా... ఒక్కరేనాండీ?"

"ఒక్కడే పోవల్ల కదా నాయనా. తోడు ఎవరొస్తారు?"

ఆ వేదాంతానికి అభిలాష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, మీరు ధైర్యంగా ఉండండి" అన్నాడు.

"నాకేం భయమప్పా? ఎప్పుడూ ఉండేదే కదా ఇది" అని, ఎటూ ఆఫీసువాళ్ళు దొరికారు కదా అని మేరాజ్ బీ మనసులో ఉన్నదీ కక్కేసింది. "అయినా మీరేగదప్పా పంపించింది! నిన్న మీ సారు అంత మాటన్యాడు. రాత్రంతా నిద్ర ల్యా ఆయనకి. ఆ మాటకే పోయినాడు, లేకుంటే పోయే మనిషే కాదు."

ఫోను పెట్టేసి ఆమె రొట్టె చూసుకుంది. రొట్టె మాడింది.

అక్కడ హైదరాబాదులో అభిలాష్ పరుగెత్తుకుంటూ దేవేంద్ర గదిలోకి వెళ్ళాడు. "సార్, ఖాజా గారు పోయారు. మనమే పంపించామని వాళ్ళావిడ అంటున్నారు. మీ మాటకే పోయారట" అన్నాడు ఒక్క ఊపిరిలో. దేవేంద్రకు విలేకరుల సంఘాలు, ధర్నాలు, తన ఫోటో మీద పేడ, అన్నీ వరుసగా కళ్ళముందు కదిలాయి. ఆయన వెంటనే కూర్చుని స్వయంగా నివాళి రాశాడు. ఆయన ఏదైనా స్వయంగా రాసి చాలా కాలమైంది, అయినా భయం రాయించింది. 'కరువు సీమ గుండెచప్పుడు ఖాజా హుస్సేన్ ఇక లేరు. ఇలాంటి విలేకరి మళ్ళీ దొరకడు. ఆయన లేని లోటు మా సంస్థకు ఎన్నటికీ తీరదు' అని రాసి, కింద పేరు పెట్టి, ఫోటోతో సహా వదిలాడు. అది తేనెటీగలు రేగినట్టు ఫోన్లన్నింటిలోకీ పాకింది.

విడపనకల్లులో దాన్ని మొదట చూసినవాడు కుళ్ళాయప్ప. మరో పత్రిక విలేకరి, మండల విలేకరుల సంఘానికి అధ్యక్షుడు, ఖాజా హుస్సేన్‌తో ఏళ్ళ తరబడి ఒకే వార్త కోసం కొట్లాడినవాడు. అనుమానంతో ఇంటికి ఫోను చేసి కనుక్కుందామనుకున్నాడు కానీ, అలాంటి సమయంలో ఆడమనిషిని ఏమని అడుగుతాం అని ఆగిపోయాడు. ఫ్లెక్సీ కొట్టించాడు. పెద్ద పూలదండ కొన్నాడు. ఓ గుంపును వెంటేసుకుని బయలుదేరాడు.

దండను చూడగానే మేరాజ్ బీ ముఖం వెలిగిపోయింది. మొగుడు అన్నంత పనీ చేసినాడే! "రాండప్పా, రాండి! చెప్పినాడు ఆయన, మీరు దండ తెస్తారని" అంటూ చాప వేసింది.

వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ముందే చెప్పినాడామ్మా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"పోతాపోతా చెప్పినాడు. అందరికీ టీ కాంచిస్తానని చెప్పే పంపినా."

కుళ్ళాయప్ప ఆగలేకపోయాడు. గోడకు ఆనుకుని బావురుమన్నాడు. "ఇంగ నేను ఎవరితో కొట్లాడల్లమ్మా!" అన్నాడు. ఆ ఏడుపులో నటన లేదు, ఆ మనిషికి పోటీదారుడు తప్ప దగ్గరి స్నేహితుడు ఇంకెవరూ లేరు.

పోటీ విలేకరి కదా, కుళ్ళు పట్టలేక ఏడుస్తున్నాడనుకుంది మేరాజ్ బీ. జాలిపడి టీ గ్లాసు చేతికిచ్చి ఓదార్చింది. "ఏడ్వద్దప్పా కుళ్ళాయప్పా. ఈ పొద్దు ఆయనకి వచ్చింది. రేపు నీకూ వస్తాది. నువ్వేమన్నా తక్కువనా?"

కుళ్ళాయప్ప ఏడుపు ఠక్కున ఆగింది. గుంపులో ఇద్దరు పెద్దలు "పాపం, తల్లికి మతి చలించినట్టుంది" అని గుసగుసలాడారు. ఒకాయన గొంతు సవరించుకుని, "అమ్మా, ఎన్నింటికి తెస్తారు?" అని అడిగాడు.

"తెచ్చేదేంది? ఆయనే వస్తాడు" అంది మేరాజ్ బీ.

సరిగ్గా అదే సమయానికి రాయదుర్గంలో ఖాజా హుస్సేన్ మరమరాల ఉగ్గాని తింటున్నాడు. పక్కనే ఆ ఊరి 'తొలికూత' విలేకరి సువర్ణ. కుట్టు యూనిట్లో కరెంటు పోవడంతో ఇద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నారు. సువర్ణ ఫోను మోగింది. అభిలాష్.

"మేడం, చాలా బాధాకరమైన విషయం. విడపనకల్లు ఖాజా గారు పోయారు. మీరు దగ్గర్లోనే ఉన్నారుగా, వాళ్ళ కుటుంబంతో మాట్లాడించి బైట్లు తీసి పంపాలి."

సువర్ణ, ఎదురుగా మిరపకాయ బజ్జీ కొరుకుతున్న ఖాజా హుస్సేన్‌ను చూసింది. "యాడికి పోయినాడప్పా? ఈడనే ఉండాడు కదా!"

"రాయదుర్గంలోనా? అంటే అక్కడ జరిగిందా? బాడీ అక్కడే ఉందా?"

"బాడీకేం, బాగనే ఉండాది. ఇంకో బజ్జీ అడుగుతాంది."

అభిలాష్ దుఃఖంలో ఉన్నాడు కాబట్టి వెటకారం చెవికెక్కలేదు. "లింకు పంపుతున్నాను, చూడండి" అని పెట్టేశాడు. ఇద్దరూ లింకు తెరిచారు. సువర్ణ చదువుతూ చదువుతూ పడీపడీ నవ్వింది. ఖాజా హుస్సేన్ నవ్వలేదు. రెండుసార్లు చదివాడు. అంతకాలం కష్టపడితే ఆ ఆఫీసు నుంచి ఆయనకు ఒక్క మంచిమాట రాలేదు. లోపల చాలా సంతోషంగానూ, అంతకంటే ఎక్కువ కోపంగానూ ఉంది. కళ్ళు తుడుచుకుని, "నా వయసు తప్పు రాసినారు" అన్నాడు.

అప్పుడు ఇల్లు గుర్తొచ్చింది. బజ్జీ పళ్ళెంలో పడేసి, సువర్ణ ఫోను లాక్కుని తన నెంబరుకే కొట్టాడు.

అక్కడ ఆ నిమిషంలోనే ఎవరో ఫ్లెక్సీ విప్పారు. మేరాజ్ బీ మొగుడి ఫోటో చూసి మురిసి, కింది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. 'క... న్నీ... టి... వీ... డ్కో... లు.' చేతిలోని టీ గ్లాసు కిందపడింది. "యా అల్లా!" అన్న కేకకు వీధి కుక్కలు కూడా లేచాయి. ఆ గొడవలో మోగుతున్న ఫోనును కుళ్ళాయప్ప ఎత్తాడు.

"అలో, ఎవరు?"

"నేనప్పా, ఖాజా హుస్సేన్."

కుళ్ళాయప్ప ఫోను వదిలేసి నాలుగడుగులు వెనక్కి గెంతాడు. మేరాజ్ బీ దాన్ని ఏరుకుని, మొగుడి గొంతు విని, ఏడుస్తూనే అరిచింది. "యాడికి పోయినావు నువ్వు?"

"రాయదుర్గం పోయినా కదనే! నీకు చెప్పే పోయినా!"

"ఇంగొక తూరి పోయినా అన్యావంటే చూడు, నేనే చంపుతా!" అని, గట్టిగా ఊపిరి తీసుకుని, అప్పుడు తృప్తిగా ఏడ్చింది. బతికున్న మొగుడి కోసం ఏడవడంలో సుఖముంది.

ఫోను పెట్టేశాక ఖాజా హుస్సేన్ హోటలు ముందు నిలబడి అల్లుడి ఫోను సువర్ణకు ఇచ్చాడు. "తియ్యి" అన్నాడు. కోపంలో కెమెరా భయం గుర్తులేదు, మామూలు తెలుగు అసలే గుర్తులేదు.

"అప్పా, అందరికీ నమస్కారం. నేను ఖాజా హుస్సేన్ను. నేను పోయినాను. నిజమే. రాయదుర్గం పోయినాను, ఉగ్గాని తిన్యాను, మళ్ళీ ఇంటికి పోతాను. మా తట్టు పోయేదంటే పోయేదే, సచ్చేది కాదు. సస్తే సచ్చిపోయినాడనే అంటాం, దాసిపెట్టుకునేదేం ల్యా. మా దేవేంద్ర సారు నన్ను బాగా పొగిడినాడు, ఆయన సల్లగుండాల. ఇంగ వచ్చినపనికి వస్తే, ఈడ జీన్సు కుట్టే ఆడోళ్ళు కరెంటు ల్యాక పొద్దున్నుంచి ఉత్తగా కూర్చోనుండారు. వాళ్ళ కూలి పోయింది. అది మాత్రం మీ తెలుగులో పోయినట్లే పోయింది."

వెనకాల కుట్టు యూనిట్ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి నవ్వారు. సువర్ణ దాన్ని తన ఫోను నెట్టుతో నేరుగా పంపేసింది. అభిలాష్ చూసి, కుర్చీలో కూలబడి, తేరుకుని, ఒక్క అక్షరం దిద్దకుండా వదిలాడు. నివాళి ఎంత వేగంగా పాకిందో, బతికున్న మనిషి అంతకంటే వేగంగా పాకాడు. సాయంత్రానికి 'తొలికూత' వీడియోల్లో జనం అంతగా చూసింది ఇంకోటి లేదు. కుట్టు యూనిట్‌కు కరెంటు కూడా వచ్చింది.

గడువు సమయానికి, ఖాజా హుస్సేన్ ఇల్లు చేరేసరికి, దేవేంద్ర ఫోను చేశాడు. తీరని లోటు అని సంతకం పెట్టి మరీ ప్రకటించిన మనిషిని అదే రోజు తీసేయడం ఎలాగో ఆయన చాలాసేపు ఆలోచించి, కుదరదని తేల్చుకున్నాడు. "ఖాజా గారూ, మీరు రోజూ ఇలాగే మాట్లాడాలి. ఇదే యాస. కార్యక్రమానికి పేరు కూడా పెట్టేశాం, 'ఖాజా యాడికి పోయినాడు?' అని."

తర్వాత అభిలాష్ లైన్లోకి వచ్చాడు. "క్షమించండి సార్, మిమ్మల్ని నేనే చంపేశాను."

"చంపలా నాయనా, బతికిచ్చినావు" అన్నాడు ఖాజా హుస్సేన్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ రాత్రి ఆయన ఇంట్లో గట్టి కట్టడి చేశాడు. ఆఫీసు నుంచి ఎవరు ఫోను చేసినా సరే, 'పోయినాడు' అన్న మాట మేరాజ్ బీ నోట రాకూడదు. ఆమె తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. మరునాడు పొద్దున ఆయన కళ్యాణదుర్గం వీడియోకు బయలుదేరాడు. అలవాటుగా ఫోను ఛార్జింగుకు పెట్టి మరచిపోయాడు. కాసేపటికి అది మోగింది.

"అమ్మా, నేను అభిలాష్‌ని. ఖాజా గారు ఉన్నారాండీ?"

మేరాజ్ బీ రొట్టె దించింది, స్టవ్ ఆపింది, ఒట్టు గుర్తు చేసుకుంది. ఒక్కొక్క మాటా జాగ్రత్తగా ఏరి చెప్పింది.

"ఆయన లేడప్పా."