తాను లేనని సంతకం పెట్టిన అప్పు

దివాలా తీసి ఐపీ పెట్టిన పూర్ణానందాన్ని కోర్టు బాకీలన్నిటి నుంచీ విడుదల చేసినా, అతని అప్పు మాత్రం వరండాలో కుర్చీ దిగలేదు. తెనాలిలో ఎవరి అప్పులు వాళ్ళ వరండాల్లో కూర్చునే ఉంటాయి కాబట్టి దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. గేటు దగ్గర నిలబడి ఎవరడిగినా ఇంటాయన సంగతి చెప్పడం అప్పు ఉద్యోగం. ఈ అప్పేమో "ఇంకా కట్టలేదండీ" అని పాత పాటే పాడుతోంది.

అతను టిఫిన్ హోటలు పెట్టుకోవడానికి గది అద్దెకిస్తానన్న రాజేశ్వరమ్మ ఆ మాట విని అటు నుంచి అటే వెళ్ళిపోయింది. పూర్ణానందానికి ఒళ్ళు మండిపోయింది. ఆ గది దొరక్కపోతే ఇల్లు గడిచే దారి లేదు మరి.

"కోర్టు కొట్టేసింది కదయ్యా! ఇంకా నా పరువెందుకు తీస్తావ్?"

"కోర్టు వదిలింది మిమ్మల్ని బాబూ, నన్ను కాదు. రిలీవింగ్ ఆర్డర్ లేకుండా సీటొదిలితే నా సర్వీసేం గాను?" అంది అప్పు, అతని భార్య మణెమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటూ. పాపం, దానికీ వెళ్ళిపోవాలనే ఉంది.

అప్పిచ్చిన బ్యాంకులో ఆ ఆర్డరడిగితే, ఎవరి అప్పులేమిటో రిపోర్టులు రాసే ఆఫీసుకి పొమ్మన్నారు. ఆ ఆఫీసులో బ్యాంకుకి పొమ్మన్నారు. చివరికి ఓ గుమాస్తా జాలిపడి దారి చెప్పాడు: తాను లేనని అప్పే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట. పూర్ణానందం దాన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

"గుర్తింపు కార్డు తెచ్చారా?" అన్నాడు గుమాస్తా. అప్పు చూపించింది. అతను ఫొటోనీ ముఖాన్నీ పోల్చి చూసి, లేనిది ఇదేనని తృప్తిపడి ముద్ర వేశాడు.

"ఇన్నాళ్ళూ టీలు పోసినందుకు అమ్మగారికి దణ్ణాలు చెప్పండి" అంటూ అప్పు బస్సెక్కేసింది. హమ్మయ్య! పూర్ణానందం ఇంటికొచ్చి పట్టపగలే ఆదమరిచి నిద్రపోయాడు.

సాయంత్రం రాజేశ్వరమ్మ మళ్ళీ వచ్చి, ఖాళీ కుర్చీ చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"నీ గురించి ఎవర్నడగనయ్యా? అప్పే లేని మనిషిని ఏం చూసి నమ్మేది?"

అదీ నిజమే అనిపించింది పూర్ణానందానికి. మర్నాడు వాయిదాల మీద మిక్సీ కొని, దాని అప్పుని ఇంటికి తెచ్చుకున్నాడు. కుర్చీలో కూర్చుంటే దాని కాళ్ళు నేలకి అందడం లేదు. "సక్రమంగా కడతారండీ" అంది ముద్దుముద్దుగా. గేటు దగ్గర అది విన్న రాజేశ్వరమ్మ గది తాళంచెవి పూర్ణానందం చేతిలో పెట్టేసింది.

"మరీ చిన్నదండీ, పాపం" అంది మణెమ్మ, దాని గ్లాసులో పాలెక్కువ పోస్తూ.

"మనింట్లోనే ఉంటుందిగా, పెద్దదవుతుందిలే" అన్నాడు పూర్ణానందం హాయిగా.