ఫిర్యాదుల పెట్టెకు కొబ్బరికాయ

ఆ రోజు పొద్దున కామేష్ వేసుకున్న ప్రణాళికలో కొబ్బరికాయ ఎక్కడా లేదు. ఎనిమిదింటికి ఇడ్లీ, తొమ్మిదింటికి గజపతినగరం దగ్గరున్న జీడిపప్పు ఫ్యాక్టరీ, పదకొండింటికి డెన్మార్కు నుంచి వచ్చే తనిఖీ అధికారిణి ఇంగ్రిడ్, పన్నెండింటికి ఆవిడ ఫిర్యాదుల పెట్టె తెరవడం, ఒంటిగంటకి భోజనం, రెండింటికి వీడ్కోలు. ఈ వరసంతా లాప్‌టాప్‌లో రంగురంగుల గడుల్లో పెట్టుకుని భార్య రాగసుధకు రెండుసార్లు చూపించాడు.

"అంతా బాగానే ఉంది గానీ, ఆవిడకి నచ్చకపోతే?" అంది రాగసుధ, వయొలిన్ తీగ బిగిస్తూ.

"ఫ్యాక్టరీ మూసేస్తారు. ఆర్డర్లన్నీ వియత్నాంకి పోతాయి. నేను మళ్ళీ పుణేకి పోతాను."

రాగసుధ చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన ఆరేళ్ళలో నాలుగేళ్ళు అతను పుణేలో, ఆవిడ విజయనగరంలో. ఆవిడకి సంగీత కళాశాలలో ఉద్యోగం పర్మనెంటయి, అతనికి సొంత ఊరి పక్కనే మేనేజరు పని దొరికి, ఇప్పుడిప్పుడే ఇద్దరూ కలిసి కాఫీ తాగుతున్నారు. కామేష్‌కి విజయనగరంలో ఉండిపోవడం తప్ప లోకంలో మరే కోరికా లేదు.

ఫ్యాక్టరీ డెన్మార్కు కంపెనీది. నూట నలభై మంది ఆడవాళ్ళు అందులో జీడిపిక్కలు కొట్టి, పప్పుకి పొట్టు తీస్తారు. కామేష్ అంతర్జాతీయ వ్యాపారంలో మనుషుల్ని నడిపించే విద్య మీద ఆన్‌లైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించినవాడు. ఆ చదువు వృథా పోకూడదని ప్రతి సోమవారం అందర్నీ గుండ్రంగా నిలబెట్టి పావుగంట చప్పట్లు కొట్టించేవాడు. నెలకో ఆదివారం బెలూన్ల ఆట ఆడించేవాడు. పొట్టు తీసేటప్పుడు ముఖంలో చిరునవ్వు ఉండాలని ఎదురుగా గోడ పొడుగునా అద్దాలు బిగించాడు. వాళ్ళంతా తనని నెత్తిన పెట్టుకుని చూసుకుంటున్నారని అతని గట్టి నమ్మకం.

నెల కిందట డెన్మార్కు నుంచి ఉత్తరం వచ్చింది. "ఆరు నెలల్లో ఒక్క ఫిర్యాదూ లేని ఫ్యాక్టరీని మేం నమ్మలేం. తాళం వేసిన పెట్టె పెట్టండి. తాళంచెవి మాకు పంపండి. తనిఖీ రోజున మేమే తెరుస్తాం" అని దాని సారాంశం. కామేష్ షెడ్డులో అందరికన్నా పెద్దదైన గున్నమ్మని పిలిచి, అందరి చేతా ఏవో నాలుగు ఫిర్యాదులు వేయించమని బతిమాలాడు. ఆవిడ చెవులు మూసుకుంది.

"అన్నం ఎట్టే సోట సాడీలు సెప్తారేటి బాబూ? కళ్ళు పోతాయి."

తాళమూ, చీటీ పట్టేంత చీలికా ఉన్న ఇనప పెట్టె చేయగలవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. గుళ్ళకి హుండీలు చేసే మనిషి. చేతికి అలవాటైన కొలతల్లోనే చేసి, తన దగ్గర మిగిలిన పసుపు రంగు పూసి ఇచ్చాడు. కొత్త మోటారు కొన్నా, కొత్త కాటా కొన్నా చేసేదే కదా అని కామేష్ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించాడు. మర్నాటి నుంచే చీటీలు పడసాగాయి. పది రోజుల్లో పెట్టె బరువెక్కింది. తన చదువు ఫలించిందని కామేష్ పొంగిపోయాడు.

తనిఖీ రోజు తొమ్మిదింటికి ఫ్యాక్టరీ ముందు బైకు ఆపినవాడు ఆపినట్టే ఉండిపోయాడు. గేటు దగ్గర నాలుగు ఆటోలు, ఒక ట్రాక్టరు. రోడ్డు దాకా జనం వరస కట్టి ఉన్నారు. చేతుల్లో అరటిపళ్ళు, పూలదండలు, మడతపెట్టిన చీటీలు. అందులో ఒక్కరూ తన ఫ్యాక్టరీ మనిషి కాదు.

"గున్నమ్మా! ఎవరు వీళ్ళంతా?"

"రామతీర్థం నుండి కూడా వొచ్చినారు బాబూ. మన అసిరమ్మ గేదె తప్పిపోనాది కదా? పెట్టెలో సీటీ ఏసినాది. కడుపుతో ఎల్లిపోయిన గేదె నిన్న దూడతో సహా ఇంటికొచ్చీసినాది!"

కామేష్ నోరు తెరుచుకుపోయింది. "గేదె కోసం చీటీ వేసిందా? ఫిర్యాదుల పెట్టెలోనా?"

"మీరే కదా కాయ కొట్టినారు! కాయ కొట్టిన కాడ పితూరీలు సెప్తారేటి? మొక్కుకుంటారు గానీ."

కామేష్ వాచీ చూసుకున్నాడు. అంటే ఆ పెట్టె నిండా ఉన్నవి మొక్కులు. రెండు గంటల్లో డెన్మార్కు ఆవిడ వచ్చి తాళం తీస్తే ఒక్క ఫిర్యాదు కూడా దొరకదు. పైగా ఫ్యాక్టరీలో గుడి నడుపుతున్నావా అని అడుగుతుంది. పుణే రైలు కూత అప్పుడే వినిపించినట్టయింది.

ముందు గేటు మూయించాడు. లోపల ఏదో పెద్ద పూజ జరుగుతోందని జనం రెట్టింపయ్యారు. "ఇది దేవత కాదమ్మా, ఉత్త ఇనప పెట్టె" అని గేటు ఎక్కి అరిచాడు. జనం లెంపలు వేసుకున్నారు. ఇక లాభం లేదనుకుని తడిగుడ్డ తెచ్చి తనే పెట్టె మీది పసుపు తుడవడం మొదలుపెట్టాడు. అతను చేసిన అసలు తప్పు అదే.

"ఒలమ్మో! అమ్మోరి పసుపు తుడిసేస్తన్నాడే!" అని అసిరమ్మ పెట్టిన కేక షెడ్డంతా వినిపించింది. నూట నలభై మందీ పని వదిలేసి బయటికొచ్చి పెట్టె చుట్టూ కూర్చున్నారు. ఆ గందరగోళంలో వాచ్‌మన్ కూడా లెంపలు వేసుకుంటూ రావడంతో, బయటి జనం గేటు తోసుకుని లోపలికి వచ్చేశారు.

"పదకొండింటికి ఆవిడొస్తుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, లోపలికెళ్ళండి" అన్నాడు కామేష్.

"మా కాళ్ళెందుకు బాబూ, అమ్మోరి కాళ్ళు అట్టుకోండి" అంది గున్నమ్మ. "ఆ తల్లి సల్లబడితే గానీ మేం పప్పు మీద సెయ్యెయ్యం. మీరు తుడిసిన పసుపు మీ సేత్తోనే రాయాలి. కాయ కొట్టాలి. వొట్టి సేతుల్తో మొక్కకూడదు, ఏదో ఒకటి రాసి ఏసీండి."

పదకొండుకి పది నిమిషాలుంది. కామేష్ చొక్కా చేతులు మడిచి మోచేతుల దాకా అంటుకునేలా పెట్టెకి పసుపు రాశాడు. గున్నమ్మ ఇచ్చిన చీటీ మీద ఏదో గీకి పడేద్దామనుకున్నాడు. కానీ కలం పట్టుకోగానే పొద్దుటి రాగసుధ ముఖం కళ్ళ ముందు మెదిలింది. దాంతో నిజంగానే మొక్కుకున్నాడు. 'తల్లీ, నన్ను విజయనగరంలోనే ఉంచు' అని రాసి చీలికలో వేశాడు. కొబ్బరికాయ పైకెత్తాడు. ఠప్పుమని కాయ పగలడం, ఇంగ్రిడ్ కారు లోపలికి రావడం ఒకేసారి జరిగాయి.

కారు దిగిన ఇంగ్రిడ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఫిర్యాదుల పెట్టె ముందు మూడు వందల మంది చేతులు జోడించి కూర్చున్నారు. మధ్యలో మేనేజరు, పసుపు చేతులతో, రెండు కొబ్బరి చిప్పలతో. ఆవిడ తెల్లటి ముఖం ఇంకా తెల్లబోయింది.

"వీళ్ళంతా ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్ళా?" అని ఇంగ్లీషులో అడిగింది.

కామేష్‌కి కోర్సులో చదివిందంతా ఆవిరైపోయింది. తల అడ్డంగా ఊపబోయి నిలువుగా ఊపాడు.

ఆవిడ నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి తాళం తీసింది. చీటీలు కుప్పగా పడ్డాయి. విశాఖపట్నం నుంచి ఆవిడ వెంట తెచ్చుకున్న దుబాసీ పృథ్వీరాజ్ ఒక్కొక్కటీ విప్పి తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పసాగాడు. కామేష్ కళ్ళు మూసుకున్నాడు.

"తల్లీ, మూడో ఫేను తిరిగేలా సూడు, నీకు రెండు నిమ్మకాయలు."

కామేష్ కళ్ళు తెరిచాడు.

"తల్లీ, మరుగుదొడ్డి తలుపుకి గడియ ఎట్టించు. జీడి రసానికి సేతులు పొక్కిపోతన్నాయి, తొడుగులు ఇప్పించు, కోడిపిల్లనిస్తాను. నడుం పట్టేస్తన్నాది, కూకోడానికి ఎత్తు పీటలు ఇప్పించు తల్లీ."

కామేష్ నిర్ఘాంతపోయాడు. రోజూ పదిసార్లు ఆ షెడ్డులో తిరుగుతూ ఆ చేతుల చేత చప్పట్లు కొట్టించాడే గానీ, అవి పొక్కిపోయి ఉన్నాయని ఎన్నడూ చూడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. మధ్యమధ్య పెళ్ళికొడుకుల కోసం, గేదెల కోసం వేసిన చీటీలూ వచ్చాయి. వాటిని ఇంగ్రిడ్ కుటుంబ సంక్షేమం అన్న గడిలో రాసుకుంది. ఒక పెద్ద కట్టని మాత్రం పృథ్వీరాజ్ పైకి చదవకుండా ఆవిడ చెవిలో చెప్పాడు. మేనేజరు పేరున్న చీటీలు రహస్యంగా ఉంచాలన్నది వాళ్ళ రూలట. తనని పొగిడారు కాబోలని కామేష్ వినయంగా నేల చూశాడు.

"పదకొండు దేశాల్లో ఫ్యాక్టరీలు చూశాను" అంది ఇంగ్రిడ్ చివరికి, కళ్ళు చెమర్చగా. "ఫిర్యాదుల పెట్టెని ఇంతగా నమ్మిన కార్మికుల్ని ఎక్కడా చూడలేదు."

మూడు వారాలకి మెయిలు వచ్చింది. ఫ్యాన్లు, గడియలు, చేతి తొడుగులు, ఎత్తు పీటలు మంజూరు. ఫ్యాక్టరీకి ఇంకో అయిదేళ్ళు ఢోకా లేదు. కామేష్ వంటింట్లోకి పరిగెత్తి రాగసుధకి చదివి వినిపించాడు. రెండో పేరా దగ్గర ఆగి, దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఇంత గొప్ప పద్ధతిని టాంజానియాలోని తమ ఫ్యాక్టరీలోనూ ప్రవేశపెట్టాలట. అందుకు పెద్ద హోదా ఇచ్చి కామేష్‌ని మూడేళ్ళు అక్కడికి పంపుతున్నారట. పదిహేను రోజుల్లో బయల్దేరాలట.

"వద్దంటే?" అంది రాగసుధ.

"వద్దంటే ఉద్యోగమే వద్దన్నట్టు."

ఆవిడ స్టవ్వు ఆపేసి అక్కడే కూర్చుండిపోయింది. కొంతసేపటికి, "పుణే అయితే రైలుంది కదండీ" అంది.

ఆఖరి రోజు ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి పెట్టె ముందు నూట నలభై మందీ తలో కొబ్బరికాయతో నిలబడి ఉన్నారు. ఠప్ ఠప్ మని కాయలు పగులుతుంటే కామేష్‌కి ఏడుపు ఆగలేదు.

"నా ప్రయాణం కోసం ఇన్ని కాయలా గున్నమ్మా! మీ అభిమానం నేను జన్మలో మరిచిపోను."

గున్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు.

"మొక్కు సెల్లించుకుంటన్నాం బాబూ."

"ఏం మొక్కు?"

"మీకు సెడు కోరుకోనేదు. కామేష్ బాబుకి మంచి పెద్ద ఉజ్జోగం రావాలి, అది శానా దూరంలో రావాలి అనే రాయించినాం. సప్పట్లు కొట్టలేక సచ్చిపోతన్నాం కదా మరి."

కామేష్ కన్నీళ్ళు తుడుచుకున్నాడు. "అందరూ అదే రాశారా?"

"అందరమూను బాబూ."

ఆ పెట్టెలో విజయనగరంలోనే ఉంచమన్న చీటీ ఒక్కటి. దూరంగా పంపమన్నవి నూట నలభై.