కత్తెర దొరకాలంటే ఎవరూ కదలకూడదు

వస్తువులు వెతికిపెట్టే యంత్రం ఉన్న ఇంట్లో సంసారం బాగుపడుతుందంటే నమ్ముతారా? మా ఇంటికి రండి!

మావారు పనిచేసే గోదాములో పాతబడిందని తీసేసిన యంత్రాన్ని ఇంటికి తెచ్చారు. దానితోపాటు తపాలా బిళ్లంత ట్యాగులు రెండొందలు. కత్తెర, కళ్లజోడు, నెయిల్ కట్టర్, అత్తగారి మందుల డబ్బా, అన్నిటికీ అంటించారు.

ట్యాగుల్లో బ్యాటరీ ఉండదట. హాల్లోని యాంటెన్నా పిలిస్తే ఆ పిలుపులోని శక్తితోనే పలుకుతాయట. గట్టిగా పలికితే దగ్గరున్నట్టు, నీరసంగా పలికితే దూరంగా ఉన్నట్టు. ఒక్క పిలుపుకే పలికేవాళ్లు మా ఇంట్లో అంతకుముందు ఎవరున్నారు చెప్పండి?

ఒక్కటే షరతు. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ కాబట్టి, అడ్డంగా నడిస్తే సిగ్నల్‌ని మింగేస్తాడట. అందుకని కత్తెర పోయిందంటే చాలు, "ఎక్కడివాళ్లక్కడే!" అని కేక. మొదటిసారి నలుగురమూ ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. అంతసేపు కలిసి కూర్చున్నది ఫొటో స్టూడియోలో తప్ప ఇంకెక్కడా లేదు!

చివరికి యంత్రం అత్తగారి మంచం దగ్గర, నాలుగడుగుల లోపల అంది.

"కాస్త లేవండి అత్తయ్యా."

"లేస్తే సిగ్నల్ పోతుందన్నాడుగా మీ ఆయన!"

కత్తెర ఆవిడ కిందే ఉంది.

ఇంతలో పక్క వీధి స్కూల్లో టీచరు ఉద్యోగానికి నాకు పిలుపొచ్చింది. పదిహేనేళ్లలో మొదటి ఇంటర్వ్యూ. పదకొండుకల్లా ఒరిజినల్ సర్టిఫికెట్‌తో రమ్మన్నారు. పదింటికి బీరువా తెరిస్తే నా డిగ్రీ ఫైలు లేదు!

"ఏమండీ, యంత్రంలో చూడండి."

"లిస్టులో లేదోయ్. దానికి ట్యాగ్ అంటించలేదు."

"ఎందుకని?"

"ఎవరైనా వెతికేవాటికే అంటించాను. అదెప్పుడైనా వెతికావా?"

తర్కంలో లోపముందా? లేదు!

"అమ్మా, నీకు డిగ్రీ ఉందా?" అంది మా అమ్మాయి, బుద్ధిగా కదలకుండానే.

నేను మాత్రం కదిలాను. ఇల్లంతా గాలించాను. పదిన్నర దాటాక హాల్లో వంగి చూస్తే, యాంటెన్నా స్టాండు పొట్టి కాలి కింద నా నీలం ఫైలు! లాగేశాను. యాంటెన్నా పక్కకి ఒరిగింది.

"అయ్యయ్యో! సరిగ్గా ఆ మందం చూసి పెట్టానే!" అన్నారు మావారు.

స్కూల్లో ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్ మీద స్టాండు కాలు వేసిన గుండ్రటి నొక్కును వేలితో తడిమి, "ఈ డిగ్రీతో ఇన్నేళ్లూ ఏం చేశారు?" అన్నారు.

అబద్ధమెందుకు? "ఈమధ్యే ఒక యాంటెన్నాని నిలబెట్టానండీ" అన్నాను.

ఆవిడ గంభీరంగా తలూపి 'సాంకేతిక అనుభవం' అని రాసుకున్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు!

ఇంటికొస్తే, ఆ కాలి కింద పెట్టడానికి అంత మందమున్నది ఏదీ దొరకడం లేదని మావారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆయన డిగ్రీ ఫైలు అంతే మందం. అదెక్కడుందో యంత్రాన్నే అడగమన్నాను.

ఆయన ఫైలుకి ట్యాగ్ అంటించే ఉంది మరి!